మూడో రీలు

ఈస్టరుకని కుట్టమని ఇచ్చిన జాకెట్టుకి లక్ష్మీదుర్గ చేతులు అంగుళంన్నర పొట్టిగా కుట్టింది. కొలత జాకెట్టు ఇచ్చాను, కాగితం మీద కూడా రాసి ఇచ్చాను. ఇక ఆ మనిషికి బట్ట ఇచ్చేది లేదని మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ అన్నాను. మా ఆయన ఎలీషా హైస్కూల్లో లెక్కల మాస్టారు. అంగుళంన్నర అంటే ఎంత తేడానో ఆయనకి ఒకరు చెప్పనక్కర్లేదు. కానీ ఆయన గోంగూర పప్పు కలుపుకుంటూ, "సొంత అన్నని చంపినవాణ్ణే ఆ రౌతు కూర్చోబెట్టి భోజనం పెట్టాడు. నువ్వు జాకెట్టు కుట్టినావిడని క్షమించలేవా?" అన్నారు.

ఆ రౌతు మా మావయ్య గారి రౌతు. మా చర్చిలో గుడ్ ఫ్రైడే నాడు పన్నెండింటి నుంచి మూడింటి దాకా, సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల గురించి ఏడుగురు మాట్లాడతారు. తనని సిలువ వేసినవాళ్లని క్షమించమని తండ్రిని అడిగింది మొదటి మాట. ముప్పై ఎనిమిదేళ్లుగా అది మావయ్య గారు దైవాధీనం గారిదే. ఆయన ప్రతి ఏడాదీ అదే కథ చెబుతారు. పడమటి దేశంలో ఒక రౌతు. అతని అన్నని ఒకడు చంపుతాడు. రౌతు గుర్రమెక్కి ఊళ్లన్నీ వెతికి, చివరికి ఒక నీళ్ల తొట్టి దగ్గర వాణ్ణి పట్టుకుంటాడు. తుపాకీ పేలుతుంది, వాడు పడిపోతాడు. రౌతు వాడి మీదికి వంగి చూస్తాడు. చంపబుద్ధి కాదు. చేతికి కట్టు కట్టి, ఇంటికి తీసుకెళ్లి రొట్టె విరిచి పెడతాడు. పెళ్లయి బందరు వచ్చిన దగ్గర్నుంచి ఇరవై ఆరు సార్లు విన్నాను. ఎవరో దొరగారు చెప్పిన కథేమో అనుకునేదాన్ని.

"కథలో రౌతు కదండీ. ఎన్ని భోజనాలైనా పెడతాడు," అన్నాను.

"కథేమిటి? మా నాన్న వేసిన సినిమా. నేను నాలుగుసార్లు చూశాను. ఒంటికన్ను గుర్రం."

గరిటె గిన్నెలో పెట్టేశాను. మావయ్య గారు రిటైరయ్యేదాకా ఇక్కడ సినిమా హాల్లో ఆపరేటరు. చర్చిలో సినిమా అనే మాట ఎత్తకూడదు కాబట్టి, రౌతు అంటూ వచ్చారన్నమాట. అది కాదు నన్ను ఆపింది. ఒంటికన్ను గుర్రం సినిమా నేనూ చూశాను. నాకు పదకొండేళ్లు. గుడివాడలో మా నాన్న తీసుకెళ్లారు.

"ఆ సినిమాలో వాడు భోజనం పెట్టలేదండీ. కాల్చి చంపేశాడు," అన్నాను.

"పడ్డాడు. చావలేదు. తర్వాత చేతికి కట్టుతో భోజనానికి కూర్చున్నాడు."

"భోజనం సినిమా సగంలో. అప్పటికి వాడెవడో హీరోకి తెలియదు. ఆ కట్టు గుర్రం మీంచి పడితే కట్టింది."

"ఇంగ్లీషు సినిమా. నీకు పదకొండేళ్లు. నీకేం అర్థమయింది?"

"మీకు పదమూడు. మీకేం అర్థమయింది?"

ఆ పూట మజ్జిగ ఆయనే పోసుకున్నారు.

మూడు రోజులు ఇద్దరం ఆ ముగింపు గురించి తప్ప మాట్లాడుకోలేదు. కాల్పుల్లో హీరో టోపీకి చిల్లు పడింది, భోజనం దగ్గర అదే టోపీకి చిల్లు లేదు, కాబట్టి భోజనమే ముందు అని నేను గుర్తు చేశాను. కొత్త టోపీ కొనుక్కున్నాడన్నారు ఆయన. చివరికి విజయవాడలో చదువుకుంటున్న మా అమ్మాయి ప్రీతికి ఫోన్ చేసి, గుర్రానికి ఒక కన్నే ఉంటుందని చెప్పాను. అరగంటలో సినిమా దొరికించి పంపింది. తెలుగు మాటలు కూడా పెట్టి ఉన్నాయి.

నేను చూసిందే నిజం. తొంభై ఆరో నిమిషంలో వాడు నీళ్ల తొట్టి వెనక పడి చచ్చాడు. రౌతు వంగి చూసి, చచ్చాడని రూఢి చేసుకుని, గుర్రమెక్కి వెళ్లిపోయాడు. భోజనం నలభయ్యో నిమిషంలో ఉంది. నాకు చాలా తృప్తిగా అనిపించింది. ఆ తృప్తిలో ఒక పొరపాటు చేశాను. సినిమాని మా ఆయనొక్కరికే పంపకుండా ఇంటిల్లిపాదీ ఉండే వాట్సాప్ గ్రూపులో పెట్టి, "తొంభై ఆరో నిమిషం చూడండి. రౌతు క్షమించలేదు," అని రాశాను.

ఆ గ్రూపులో మా ఆడపడుచు జెనిఫర్ ఉంది. ఆమె భర్త శామ్యూల్ రాజ్ అన్నయ్య గారూ ఉన్నారు. అన్నయ్య గారికి చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ నగల షాపు ఉంది. మా చర్చికి ఆయనే సెక్రటరీ. పన్నెండేళ్లుగా గుడ్ ఫ్రైడే నాడు ఆయనది దాహం గురించిన ఐదో మాట. అది వచ్చేసరికి రెండు దాటుతుంది. ఉపవాసంతో ఉన్న సంఘమంతా నిజంగానే దాహంతో ఉంటుంది, ఎవరూ ఆయన్ని వినరు. మొదటి మాట మీద ఆయనకి ఎప్పట్నుంచో మనసు.

పది నిమిషాల్లో నా వాక్యం చర్చి గ్రూపులోకి వెళ్లిపోయింది. కింద అన్నయ్య గారు ఒక ప్రశ్న జోడించారు: పవిత్రమైన రోజున, పవిత్రమైన చోట, సినిమా కథని, అదీ తిరగేసి చెప్పవచ్చునా?

మావయ్య గారికి డెబ్బై నాలుగేళ్లు. ఆయనకి ఉన్నది ఆ పదిహేను నిమిషాలే. డిసెంబరు నుంచే కాగితం మీద రాసుకోవడం, గొంతు కోసం మిరియాల కషాయం తాగడం మొదలుపెడతారు. ఆ సాయంత్రం ఫోన్ చూసి, కళ్లజోడు తీసి పెట్టెలో పెట్టి, వీధి గుమ్మంలో కూర్చున్నారు. ఎవరు పంపారని అడగలేదు. నా పేరు దానిమీదే ఉంది.

మా ఆయన బావగారికి ఫోన్ చేసి కోప్పడ్డారు. రోల్డ్‌గోల్డ్ అమ్ముకునేవాడు నిజం గురించి మాట్లాడటమేమిటన్నారు. అన్నయ్య గారు నెమ్మదిగా జవాబు చెప్పారు. స్పీకర్లో ఉంది కాబట్టి నేనూ విన్నాను.

"మేము రోల్డ్‌గోల్డ్ అని చెప్పే అమ్ముతాం బావా. మావయ్య గారు చెప్పకుండా అమ్మారు."

మా ఆయన ఫోన్ పెట్టేశారు.

హాలు రోజుల నుంచీ మావయ్య గారికి స్నేహితుడు అబ్దుల్ గఫార్ గారు. గుడివాడ నుంచి బందరుకి సినిమా పెట్టెలు మోటారు సైకిల్ మీద తెచ్చింది ఆయనే. మర్నాడు వాళ్లింటికి వెళ్లాను. ఈస్టరుకి ముందు ఉపవాసాలుండే మా శ్రమకాలంలోనే ఆయన రంజాను కూడా వచ్చింది. భార్య హాజిరా గారు నాకు మాత్రం షర్బత్తు కలపబోతే, నేనూ ఉపవాసమేనని చెప్పాను. ముగ్గురం ఖాళీ చేతులతో కూర్చున్నాం.

"రోజాలో ఉన్నాను కాబట్టి నిజం చెబుతున్నానమ్మా. రాత్రి వచ్చి అడిగుంటే మీ మావయ్యకి పనికొచ్చేది చెప్పేవాణ్ణి," అన్నారు గఫార్ గారు.

ఒకే ప్రింటు, రెండు హాళ్లు. పొద్దున ఆట గుడివాడలో, మధ్యాహ్నం ఆట బందరులో. మొదటిరోజు పెట్టె తెచ్చి మూత తీస్తే ఆరు రీళ్లకి అయిదే ఉన్నాయి. మూడోది గుడివాడ ఆపరేటర్ బల్ల మీద ఉండిపోయింది. జనం కూర్చున్నారు, ఆట ఆపడానికి లేదు. గఫార్ గారు మళ్లీ బండి తిప్పి గుడివాడ వెళ్లి తెచ్చేసరికి ఇక్కడ ఆరో రీలు నడుస్తోంది.

"నా ఉద్యోగం పోయిందనుకున్నాను. మీ మావయ్య తిట్టలేదు. 'ఆరు రీళ్లకి టిక్కెట్టు కొన్నారు గఫార్, ఆరూ చూపించాలి,' అన్నాడు. తొట్టి దగ్గర వాడి మీదికి వంగుతాడు చూడు, అక్కడ ఆపేసి మూడోది ఎక్కించాడు."

"తప్పని తెలిసే ఎక్కించారా?"

"డబ్బా మీద నంబరు ఇంత లావున ఉంటుందమ్మా," అన్నారు ఆయన, అరచెయ్యి చాపి.

ఇంటికి వచ్చేసరికి మావయ్య గారు పెరట్లో మునగాకు దూస్తున్నారు. పక్కన కూర్చుని నేనూ ఒక రెమ్మ తీసుకున్నాను. గఫార్ గారి దగ్గరికి వెళ్లానని చెప్పాను. సినిమా గ్రూపులో పెట్టింది గెలవడానికేనని కూడా చెప్పాను. ఆయన కాసేపు ఆకు దూశారు.

"ఆ వేళ జనం ఈల వెయ్యలేదమ్మా," అన్నారు. "లేచి, ఒకళ్లనొకళ్లు తోసుకోకుండా బయటికెళ్లారు. బెంచీ టిక్కెట్టు వాళ్లు కూడా. కేబిన్ కిటికీలోంచి చూశాను. మర్నాడు వరసగా వేశాను. చూసినవాళ్లే మళ్లీ వచ్చారు, భోజనం ఏదని కుర్చీలు బాదారు. మూడోరోజు నుంచి మేనేజరే చెప్పాడు, మొదటిరోజులాగే వెయ్యమని. ఇరవై ఎనిమిది రోజులు ఆడింది. గుడివాడలో వారమే."

సంఘంలో అలా అని చెప్పండి మావయ్య గారూ అన్నాను. ఆయన ఈనెలు ఒక పక్కకి, ఆకు ఒక పక్కకి పెడుతూ ఉండిపోయారు.

గుడ్ ఫ్రైడే జాబితా ఖాయం చెయ్యడానికి ముందు పెద్దలంతా ఆ సినిమా చూడాలని అన్నయ్య గారు పట్టుబట్టారు. ఒక చిక్కు వచ్చింది. శ్రమకాలం నలభై రోజులూ సినిమాలు చూడమని అందరం మొక్కుకున్నాం. పాస్టరు గారు రెండు రోజులు ఆలోచించి, ఇది సినిమా చూడటం కాదు, విచారణ అని తీర్పు చెప్పారు. విచారణ మా ఇంట్లో పెట్టారు, మా టీవీ పెద్దది కాబట్టి. విచారణ అని తెలియడానికి పాస్టరు గారు ముందు ప్రార్థన చేశారు. లైట్లు ఆర్పనివ్వలేదు. స్త్రీల సమాజం పెద్ద జ్ఞానమ్మ గారు ముందు కుర్చీ తీసుకున్నారు. అన్నయ్య గారు రిమోట్ పట్టుకున్నారు. మావయ్య గారు తలుపు దగ్గర స్టూలు మీద కూర్చున్నారు.

పావుగంట దాకా అందరూ విచారణ ముఖాలతోనే ఉన్నారు. తర్వాత పాస్టరు గారు కుర్చీ ముందుకి జరుపుకున్నారు. ఆ గుర్రానికి కన్ను ఎలా పోయిందో చెప్పకుండా వదిలేశారని, అది కథలో పెద్ద లోటని ఆయన అభిప్రాయం. మా ఆయన తుపాకీ పేలుళ్లు లెక్కపెట్టారు. ఆరు గుళ్ల తుపాకీ మధ్యలో నింపకుండా పదకొండుసార్లు పేలిందన్నారు. అన్నకోసం ఇన్ని ఊళ్లు తిరిగినవాడు అన్నకి పెళ్లాం బిడ్డలున్నారో లేదో ఒక్కసారైనా కనుక్కోలేదని జెనిఫర్ అంది. అది మంచి విమర్శ అని నాకు అనిపించింది. భోజనం దృశ్యం వచ్చినప్పుడు జ్ఞానమ్మ గారు, "ఒక్కడూ కళ్లు మూసుకుని ప్రార్థన చెయ్యకుండా రొట్టె మీద పడ్డారు," అని నిట్టూర్చారు. ఆ భోజనం నలభయ్యో నిమిషంలో వచ్చిందని మాత్రం ఎవరూ అనలేదు. అన్నయ్య గారు కూడా నోరు కొద్దిగా తెరిచి చూస్తున్నారు.

తొంభై ఆరో నిమిషంలో వాడు తొట్టి వెనక పడ్డాడు. "సరిగ్గా అయింది వెధవకి," అని గట్టిగా అని, జ్ఞానమ్మ గారు పాస్టరు గారి వైపు చూసి కొంగు సర్దుకున్నారు.

అన్నయ్య గారు బొమ్మ ఆపేశారు. గెలిచిన మనిషిలా లేరు. రిమోట్ ఏ చేతిలో పట్టుకోవాలో తెలియనట్టు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చారు.

"చూశారు కదా మావయ్య గారూ," అన్నారు.

"నేను చూడకపోవడమేమిటి నాయనా. ఇరవై ఎనిమిది రోజులు వేశాను," అన్నారు మావయ్య గారు. గుడివాడలో ఉండిపోయిన రీలు సంగతి మొదటి నుంచి చివరిదాకా చెప్పారు. తెలిసే వేశానన్నారు. సినిమా అని ఎప్పుడూ చెప్పలేదని, చెప్పి ఉండాల్సిందని ఒప్పుకున్నారు. తర్వాత, "నువ్వన్నది నిజమే. రోల్డ్‌గోల్డే. చెప్పకుండా అమ్మాను. ఈ ఏడాది మొదటి మాట నువ్వు చెప్పు," అని స్టూలు తీసుకుని లోపలికి వెళ్లారు.

మా ఇంట్లో ఆ స్టూలు ఎవరూ లోపలికి తీసుకెళ్లరు. అది వీధి గదిలో ఉండేదే. పాస్టరు గారు ముగింపు ప్రార్థన క్లుప్తంగా చేశారు.

మర్నాటి నుంచి కషాయం పెట్టనా అని అడిగితే మావయ్య గారు వద్దన్నారు. నాకు వంటింట్లో పని సాగలేదు. నేను గెలిచిన తగాదాకి ఆయన మూల్యం చెల్లించారు. మా ఆయన ఆ మాట పైకి అనలేదు. అనకుండా గిన్నెలు తోమి పెట్టారు. రెండు రోజుల తర్వాత లక్ష్మీదుర్గకి జాకెట్టు తిరిగి ఇచ్చి, చేతులకి అంచు వేసి పొడవు చెయ్యమన్నాను. అంచు బాగానే వేసింది.

గుడ్ ఫ్రైడేకి మూడు రోజుల ముందు జెనిఫర్ వాళ్లాయన రాసుకున్న కాగితాలు తెచ్చింది, తప్పులుంటే దిద్దిపెట్టమని. నాలుగు పేజీలు. రౌతు కాల్చేశాడని స్పష్టంగా రాశారు. లోకం పగ అలా ముగుస్తుంది, ప్రభువు క్షమ అలా ముగియదు అని వాదం. మంచి వాదమే. రెండు ఒత్తులు దిద్ది, ఒక వాక్యం విడగొట్టి ఇచ్చేశాను.

ఆ శుక్రవారం ఎండకి చర్చి కిటికీ ఊచలు కాలుతున్నాయి. మావయ్య గారు ఎప్పుడూ కూర్చునే ముందు వరస వదిలి, మా పక్కన మూడో బెంచీలో కూర్చున్నారు. అన్నయ్య గారు తెల్ల బట్టల్లో వెళ్లి కాగితాలు పరిచారు. మొదటి రెండు పేజీలూ రాసింది రాసినట్టే చెప్పారు. గొంతు బాగుంది. రౌతు దగ్గరికి వచ్చారు. ఇది ఒక సినిమాలో కథ అని ముందే చెప్పారు. గుర్రం ఊళ్లు తిరిగింది, తొట్టి వచ్చింది, తుపాకీ పేలింది, వాడు పడ్డాడు.

ముందు చాపల మీద కూర్చున్న ముసలమ్మలు అప్పటికే కొంగులు తీశారు. జ్ఞానమ్మ గారు కళ్లు ఒత్తుకోవడం మొదలుపెట్టారు. వాడు చచ్చాడని ఆవిడ మా టీవీలో చూశారు. వెధవకి సరిగ్గా అయిందని కూడా అన్నారు. అయినా కళ్లు ఒత్తుకుంటున్నారు.

అన్నయ్య గారు కాగితం వైపు చూశారు. ఆ మాట అక్కడే ఉంది, మూడో పేజీ రెండో పేరా. తలెత్తి జనాన్ని చూశారు. మావయ్య గారిని కూడా చూశారేమో, నాకు తెలియదు. ఆయన తల వంచుకుని ఉన్నారు. అన్నయ్య గారు కాగితం మీద అరచెయ్యి పెట్టారు.

"రౌతు వాడి మీదికి వంగి చూశాడు," అన్నారు. "చెయ్యి పట్టి లేపాడు."

తర్వాత కట్టు కట్టించారు. ఇంటికి తీసుకెళ్లారు. రొట్టె విరిచేచోట కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని, మిగిలింది కాగితం లేకుండా చెప్పారు. ఎక్కడ ఏం తప్పిందో గుర్తు పెట్టుకోవడానికి నా చేతిలో పెన్సిలు ఉంది. ఏమీ రాయలేదు.

ఈస్టరు మధ్యాహ్నం అందరూ మా ఇంట్లోనే భోజనం. నలభై రోజుల తర్వాత మాంసం. ప్రీతి కూడా వచ్చింది. అన్నయ్య గారు మాత్రం ఎముక కూడా కొరకకుండా కంచంలో అన్నం అటూ ఇటూ జరుపుతున్నారు. చర్చి మెట్ల మీద నిలబెట్టి అందరూ ఆయన్ని మెచ్చుకున్నారు. అది ఆయనకి మింగుడు పడుతున్నట్టు లేదు.

చివరికి, "మావయ్య గారూ, నేను కాల్చేశాడనే రాసుకున్నాను. చెల్లెమ్మ దిద్దింది, కావాలంటే అడగండి," అన్నారు.

"అవునండీ. మూడో పేజీ," అన్నాను.

"పైకెక్కాక నోటికి రాలేదు. అబద్ధమని మిమ్మల్ని దించి, నేనే అదే చెప్పి వచ్చాను. వచ్చే ఏడాది మళ్లీ మీరే చెప్పండి. కమిటీలో నేనే పెడతాను."

మా ఆయన నా వైపు చూశారు. నేను మావయ్య గారి కంచం వైపు చూశాను. ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని, తాపీగా నమిలి, నీళ్లు తాగారు.

"వద్దు శామ్యూలూ," అన్నారు. ఆయన అల్లుణ్ణి పేరు పెట్టి పిలవడం అంతకుముందు నేను వినలేదు. "ముప్పై ఎనిమిదిసార్లు చెప్పాను. ఒక్కసారి కూడా వాణ్ణి చంపుదామనుకుని ఎక్కలేదు. నువ్వు చంపుదామని ఎక్కి, వదిలేసి దిగావు. ఇకనుంచి మొదటి మాట నీది. నేను మూడో బెంచీలో కూర్చుని వింటాను."

జెనిఫర్ కళ్లు తుడుచుకుంది. అన్నయ్య గారు ఎడమచేత్తో మావయ్య గారి గ్లాసు నిండా నీళ్లు పోశారు.

"కానీ పదిహేను నిమిషాలు దాటకూడదు," అన్నారు మావయ్య గారు, నాకేసి కంచం జరుపుతూ. "మొన్న నువ్వు ఇరవై రెండు తీసుకున్నావు. ఆపాటికి నేను రీలు మార్చేసేవాణ్ణి."